మావయ్య రాసిన కవర్లు

మొన్న ఆదివారం మా మేనల్లుడి పెళ్ళి శుభలేఖ నా ఫోనుకు వచ్చింది. తెరవగానే బాజాలు మోగాయి, గులాబీ రేకులు రాలాయి, వధూవరుల పేర్లు చెరో పక్కనుంచి ఎగిరొచ్చి మధ్యలో కుదురుకున్నాయి. నా పేరు మాత్రం ఎటునుంచీ ఎగిరి రాలేదు. చుట్టాలందరికీ ఒక్క నొక్కుడుతో పంపిన శుభలేఖలో ఎవరి పేరని ఉంటుంది? అందినట్టుగా బొటనవేలి బొమ్మ ఒకటి పంపి, ఫోను పక్కన పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, ఆ పిల్లవాడి తల్లి పెళ్ళి. అంటే మా అక్క పెళ్ళి.

అది తొంభైల మొదట్లో. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను, అంటే ఏ పనికైనా పంపవచ్చు, ఏ విషయంలోనూ సలహా అడగనక్కర్లేదు. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు. పెళ్ళి పెత్తనం మా బాబాయి నెత్తిన వేసుకున్నాడు. బాబాయి తెనాలిలో ఒక సర్కారు ఆఫీసు గుమాస్తా. ఆఫీసులో ఆయన చేతిమీదుగా కాగితాలు పెద్దగా కదిలేవి కావని వినికిడి. ఆ లోటంతా ఇంట్లో తీర్చుకున్నాడు. నాలుగు డ్రాయింగు కాగితాలు అతికించి, ఎర్ర పెన్సిలుతో గళ్ళు గీసి, ముందు గది గోడ నిండా ఒక చార్టు వేలాడదీశాడు. బాపట్ల నుంచి పెళ్ళికొడుకు వాళ్ళ బస్సు పొన్నూరు మీదుగా ఎన్నింటికి వస్తుంది, దిగగానే ఉప్మా ఎవరు పెట్టాలి, చర్చిలో గొడుగులు ఎక్కడ ఆనించాలి, అన్నీ అందులో ఉన్నాయి. చివరి గడిలో ప్రతి దానికీ బదులు ఏర్పాటు కూడా రాశాడు. కరెంటు పోతే జనరేటరు. హార్మోనియం ఆయన రాకపోతే అంగలకుదురులో ఇంకొకాయన. వంటమనిషికి జ్వరమొస్తే అతని బావమరిది. వచ్చినవాళ్ళు పెళ్ళికూతురి సంగతి అడిగే ముందు ఆ చార్టు ముందు నిలబడి చదివేవాళ్ళు. బాబాయి పక్కనే నిలబడి, వాళ్ళు చదవని గళ్ళు చదివి వినిపించేవాడు.

ఆ రోజుల్లో శుభలేఖ అచ్చువేయించడం ఒక ఎత్తు, కవర్ల మీద పేర్లు రాయడం ఒక ఎత్తు. దానికి మా మావయ్యను మించినవాడు లేడు. ఆయన అమ్మకు అన్న, రేపల్లెలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన చేత్తో పేరు రాసిన కవరును చించడానికి మనసొప్పక, బ్లేడుతో అంచు కోసి కార్డు తీసుకునేవాళ్ళు. మావయ్య మా ఇంటికొచ్చి మూడు రోజులు చాప మీద కూర్చుని, ఒళ్ళో పీట పెట్టుకుని, పచ్చ సిరాతో కవర్లన్నీ రాశాడు. బాబాయి జాబితా చదివేవాడు, మావయ్య రాసేవాడు, నేను ఊది ఆరబెట్టేవాణ్ణి. పెళ్ళిలో నేను చేసిన బాధ్యత గల పని అదే.

కవర్లయ్యాక పిలుపులు పంచారు. మా వైపు పెద్దవాళ్ళను ఇంటికెళ్ళి, కార్డు చేతిలో పెట్టి, ఒక చిన్న ప్రార్థన చేసుకుని పిలవాలి. పోస్టులో పంపితే దూరపువాళ్ళు సర్దుకుంటారు, దగ్గరివాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. మా ఊరు తెనాలి నాకు పడింది. బాపట్ల బాబాయి తీసుకున్నాడు. రేపల్లె కట్టంతా బాబాయే మావయ్య సంచిలో పెట్టి, "మీ ఊరు మీరే చూసుకోండి బావగారూ" అన్నాడు. మావయ్య సరేనని రైలెక్కి వెళ్ళి, ఎండలో ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలిచాడు.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం రేపల్లె రైలుకు నేనే స్టేషనుకు వెళ్ళాను. మావయ్య పిలిచినవాళ్ళందరూ దిగారు. మావయ్య దిగలేదు. రిక్షాలు మాట్లాడి అందరినీ ఇంటికి చేర్చాక, మావయ్య వాళ్ళ పక్కింటి పెద్దావిడ నింపాదిగా చెప్పింది.

"మాస్టారు ఇంట్లోనే ఉన్నారండి. రమ్మన్నాం కూడా. మిమ్మల్నందరినీ పిలవమన్నారు గానీ నన్నెవరూ పిలవలేదమ్మా, ఎట్లా వస్తానూ అన్నారు."

బాబాయి ముందు నవ్వాడు. తర్వాత జాబితా తీశాడు. రేపల్లె పేజీలో పేర్లన్నీ ఉన్నాయి. మావయ్యకు పాలు పోసే మనిషి పేరు కూడా ఉంది. మావయ్య పేరు లేదు. "ఇంటివాడాయె, ఆయనకి వేరే పిలుపేంటి వదినా" అని అమ్మకేసి చూశాడు. అమ్మ జాబితా అందుకుని, పాలమనిషి పేరు మీద వేలు పెట్టి చూపించి తిరిగి ఇచ్చేసింది. నేను ఆలోచించినకొద్దీ మావయ్యదే న్యాయమనిపించింది. అన్ని కవర్లు రాసిన మనిషి తన పేరున ఒకటి తానే రాసుకుని, సిరా ఆరాక తన చేతిలో తానే పెట్టుకోవాలా?

ఇది మామూలు అలకైతే పెళ్ళయ్యాక తీర్చవచ్చు. కానీ నాన్న లేడు కనుక అక్కను చర్చిలో చేయి పట్టి నడిపించాల్సింది మావయ్యే. చార్టులో ఆ గడికి ఎదురుగా బదులు ఏర్పాటు ఖాళీగా ఉంది. బాబాయి గొంతు సవరించుకుని, అవసరమైతే తాను నడిపిస్తానన్నాడు. గోరింటాకు చేతులు ముందుకు చాపుకుని కూర్చున్న అక్క తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"నువ్వు మంచివాడివే బాబాయ్. మావయ్య వస్తేనే నేను చర్చిలో అడుగుపెట్టేది."

పెళ్ళి పదకొండింటికి. తెల్లారేసరికి మా చేతిలో ఉన్న బండి ఒక్కటే, అక్క కోసం రాత్రే పూలు చుట్టించిన అంబాసిడర్. వ్యాను అరటాకులకు కొల్లూరు వెళ్ళింది. చేసేదిలేక బాబాయీ నేనూ ఆ పూలకారులోనే రేపల్లె బయల్దేరాం. వేమూరులో టీ తాగుతున్నవాళ్ళు, భట్టిప్రోలులో పళ్ళు తోముకుంటున్నవాళ్ళు పెళ్ళికూతుర్ని చూద్దామని ఆశగా లోపలికి తొంగిచూశారు. గడ్డం గీసుకోని బాబాయి కనిపించాడు. వాళ్ళ నిరాశను నేను అర్థం చేసుకోగలను.

మావయ్య వరండాలో కుర్చీ వేసుకుని నిన్నటి పేపరు చదువుతున్నాడు. సూటు వేసుకుని, టై కట్టుకుని, బూట్లు తళతళలాడేలా తుడుచుకుని మరీ చదువుతున్నాడు. గుమ్మం పక్కన పెట్టె సిద్ధంగా ఉంది. అత్తయ్య పట్టుచీర కొంగు సర్దుకుంటూ వచ్చి, "రెండు రోజుల్నుంచీ ఇదే వరస నాయనా. వీధిలో బండి చప్పుడైతే చాలు, పేపరు చేతిలోకి తీసుకుంటారు" అంది. మావయ్య పేజీ తిప్పాడు.

బాబాయి జేబులోంచి కార్డు తీసి ఇవ్వబోయాడు. కవరు మీద పేరు లేదు. మావయ్య తన పెన్ను తీసి, మూత విప్పి, బాబాయికి అందించాడు. అన్ని గళ్ళు గీసిన మనిషి, అప్పుడు మోకాలి మీద కవరు పెట్టుకుని మావయ్య పేరు రాశాడు. అక్షరాలు ఒక్కోటీ ఒక్కో దిక్కుకు చూస్తున్నాయి. లేచి నిలబడి, రెండు చేతులా పట్టుకుని ఇచ్చాడు.

"తప్పయిపోయింది బావగారూ. అమ్మాయి మీకోసం చూస్తోంది."

మావయ్య కవరును దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"రాత కుదరలేదు బావా. పిలుపు కుదిరింది."

ఇక కారెక్కుతాడనుకుంటే కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన మిగిలి ఉంది మరి. వధూవరుల కోసం, రెండు కుటుంబాల కోసం, వర్షాల కోసం, దారిలో మా క్షేమం కోసం ప్రార్థించాడు. తొందరపడే స్వభావం నుంచి పెద్దలను కాపాడమని కూడా వేడుకున్నాడు. అందరికంటే ముందు, గట్టిగా ఆమెన్ అన్నది బాబాయే.

పదింబావుకు పూలకారు మా ఇంటిముందు ఆగింది. అప్పటికే ఉప్మా తిని వీధిలో నిలబడి ఉన్న బాపట్లవాళ్ళ ముందు, సూటులో మావయ్య ముందు సీట్లోంచి హుందాగా దిగాడు. పెళ్ళికొడుకు తండ్రి అదంతా మా ఆనవాయితీ అనుకున్నాడు. పెద్దవాళ్ళను ఇంత మర్యాదగా తీసుకురావడం తానెక్కడా చూడలేదని బాబాయితో అన్నాడు. బాబాయి కాదనలేదు. చర్చిలో అక్క మావయ్య చేయి పట్టుకుని మెల్లగా నడిచింది. మావయ్య ఇంకా మెల్లగా నడిచాడు. చార్టు ప్రకారం ఆ నడకకు రెండు నిమిషాలు. ఎంత పట్టిందో ఎవరూ చూడలేదు, బాబాయితో సహా. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆ తర్వాత మా ఇళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ కుటుంబంలో పెద్దాయన్ని పూలకారులో తీసుకురావడం నిజంగానే ఆనవాయితీ అయింది. ఎందుకని ఎవరైనా అడిగితే, పూర్వం నుంచీ ఉందని చెబుతాం. మావయ్య పోయాక ఆయన బైబిల్లో ఆ కవరు దొరికింది. పచ్చ సిరా కొంచెం వెలిసింది గానీ, బాబాయి అక్షరాలు ఎటు చూసేవి అటే చూస్తున్నాయి.

నిన్న అక్క ఫోన్ చేసింది. కార్డు చూశావా అంది. చూశాను, బాజాలు బాగున్నాయన్నాను. ఇంటికొచ్చి ఎవరైనా పిలుస్తారా అని మాటవరసకు అడిగాను. "నీకు వేరే పిలుపేంట్రా, ఇంటివాడివి" అని నవ్వి, అంతలోనే ఆగిపోయింది. ఈ రోజు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిన్నటి పేపరు పట్టుకుని వరండాలో కూర్చున్నాను. కాలం ఎంతో మారిందంటారు. నాకైతే అది అలాగే ఉన్నట్టూ, కుర్చీలో మనిషిని మాత్రమే మార్చినట్టూ ఉంది.