అత్త అడిగి తెలుసుకున్న మాటలు

తెలంగాణ వేరే రాష్ట్రమవుతున్న రోజులవి. సరిహద్దుకు ఇవతల, మహారాష్ట్ర వైపున్న మా లక్కడ్‌కోట్‌లో ఎవరి నోట విన్నా అదే ముచ్చట. నాకు మాత్రం ఏడో నెలలోనే నొప్పులొచ్చి, చంద్రపూర్ ఆసుపత్రిలో బాబు పుట్టాడు. అరచేతుల్లో ఇమిడిపోయేంత ఉన్నాడు. వెంటనే పసిపిల్లల ఐసీయూలోకి తీసుకుపోయారు.

డాక్టర్ బయటికొచ్చి, ఆప్నియా వస్తోందని, సీప్యాప్ పెట్టామని మరాఠీలో చెప్పాడట. మా ఆయన చదివింది మరాఠీ బడిలోనే. అయినా ఆ రెండు మాటలూ అర్థం కాలేదు. అడగడానికి మొహమాటపడి తలూపి వచ్చాడు. నాతో మాత్రం బాగానే ఉన్నాడన్నాడు. ఆ ముఖం చూస్తే నాకు నమ్మబుద్ధి కాలేదు.

మా అత్తకు చదువు రాదు. సంతలో బేరమాడేంత మరాఠీ వచ్చు, అంతే. ఆమె నేరుగా సిస్టర్ దగ్గరికి వెళ్లి ఆప్నియా అంటే ఏమిటని అడిగింది. సిస్టర్ తొందరలో ఉండి తర్వాత చెప్తానంది. అత్త తలుపు దగ్గరే నిలబడింది. చివరికి ఆ సిస్టరే బయటికొచ్చి, ఊపిరి బిగబట్టి చూపించి, అన్నీ విడమరచి చెప్పింది.

అత్త వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"నెలలు నిండలే గదా, నడుమనడుమ ఊపిరి తీసుకునుడు మరుస్తుండట. గదే ఆప్నియా. అరికాలు తడితే మల్ల తీసుకుంటుండు. ముక్కుకు పెట్టిన గొట్టం గాలి ఒత్తుతది, ఊపిరితిత్తులు ముడుచుకపోకుండ. గది సీప్యాప్."

నా భయం పోలేదు గాని, లోపల ఏం జరుగుతోందో తెలిసింది.

నాలుగో రోజు జివతి గుట్టల నుంచి వచ్చిన ఒక బాలింత, ఆప్నియా అన్న మాట వినగానే తన బిడ్డ పోయిందనుకుని ఏడవసాగింది. అత్త ఆమె పక్కన చేరి, తన అరికాలే తట్టి చూపిస్తూ చెప్పింది. బిడ్డ బతుకుతుందా అని ఆ పిల్ల అడిగింది.

"గది నాకు తెల్వది బిడ్డా. తెల్వనిది చెప్పొద్దు. పా, సిస్టర్‌ను అడుగుదాం" అని అత్త ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

ఇంటికి పంపేటప్పుడు బాబుకు కంటి పరీక్ష చేయించాలని డాక్టర్ తేదీ చెప్పాడు. ఎందుకని ఈసారి మా ఆయనే అడిగాడు. నెలలు నిండని పిల్లలకు కంటి లోపలి రక్తనాళాలు సరిగ్గా పెరగకపోవచ్చని, చూపు పోవచ్చని చెప్పారు.

పరీక్ష రోజున సరిహద్దు అవతల తెలంగాణ బంద్. అటు నుంచి మా ఊరి మీదుగా వచ్చే బస్సులు రాలేదు. వచ్చే వారం పోదామన్నాడు మా ఆయన. అత్త అప్పటికే బాబును బట్టలో చుట్టి ఆటో ఎక్కింది. రాజురా దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో చంద్రపూర్ వెళ్లాం. పరీక్షలో తేడా కనిపించి మమ్మల్ని నాగపూర్ పంపారు. అక్కడ లేజర్ చేశారు. సమయానికి తెచ్చారని డాక్టర్ అన్నాడు.

మావాడికి ఇప్పుడు రెండు కళ్లూ బాగా కనిపిస్తాయి. వాళ్ల నాయనమ్మకు మందు చీటీలు చదివి చెప్పేది వాడే.