పొరుగువాళ్ల కమ్మలు

సెంగ్‌కాంగ్‌ స్టేషన్లో మెట్రో రైలెక్కి కూర్చున్నానో లేదో, పక్కనున్న పెద్దావిడ నా చెవులవైపే చూడటం మొదలుపెట్టింది. నాకు చిరాకేసింది. ఆవిడ ఫోన్ తీసి ఒక పాత బంగారు కమ్మ ఫొటో చూపించింది. కింద వేలాడే చిన్న ఆకు, చుట్టూ ఆవగింజల్లాంటి బంగారు పూసలు. అచ్చం నా కమ్మల్లాగే ఉంది.

"మా కొరియాలో, సిల్లా రాజ్యం నాటి సమాధిలో దొరికింది," అంది ఇంగ్లీషులో. "తరహా మాత్రం పొరుగు రాజ్యానిది."

"రెండు రాజ్యాలూ స్నేహంగా ఉండేవా ఆంటీ?"

"కొన్నాళ్లు. తర్వాత యుద్ధాలు. గొడవపడేవాళ్లే ఒకళ్లనొకళ్లు బాగా గమనిస్తారు. చెవులు కూడా." ఆవిడ నవ్వలేదు. "ఇవి మీ అమ్మగారివా?"

అవునన్నాను. తన స్టేషన్ రాగానే ఆవిడ నా కమ్మను వేలికొసతో ఒకసారి ఊపి దిగిపోయింది.

అప్పుడు మొదలైంది నా అనుమానం, నేను పెట్టుకున్నవి నిజంగా అమ్మవేనా అని. నా పెళ్లి పందిట్లో అమ్మా, అత్తగారూ మాటామాటా అనుకుని, మళ్లీ పలకరించుకోలేదు. తర్వాత అత్తగారు అమ్మ కమ్మల్లాంటివే చేయించుకున్నారు. చివరికి ఇద్దరూ వాటిని నాకే ఇచ్చారు.

ఇంటికెళ్లి రెండు జతలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏవి ఎవరివో తేలలేదు. ఫోన్ చేద్దామనుకున్నాను గాని, ఎవరికి చేసినా అవతలివాళ్లే తనని చూసి చేయించుకున్నారంటారు.

అసలు అత్తగారు చూసి చేయించుకున్నారని నాకు చెప్పింది కూడా అమ్మే.