కళ్లం అంచున చెప్పులు

యుద్ధాలు ఆపడంలో నాది అందెవేసిన చేయి. కాగితం మీద సుమా! ఒక వారపత్రికకు రాజుల కథలు సీరియల్‌గా రాస్తుంటాను. కత్తి మెడ మీదికి దిగేలోపు ఎవరినో ఒకరిని అడ్డం దించుతాను. ఒకసారి తప్పిపోయిన తల్లి, ఒకసారి గాలివాన, ఏమీ తోచని వారం ఏనుగుకు మదం. పాఠకులు తిట్టుకుంటూనే మళ్లీ పత్రిక కొంటారు.

పోయిన నెల యుద్ధాన్ని ఒక రాణి చేత ఆపించాను. సైన్యాలు కలబడబోతుంటే ఆమె పల్లకీ దిగి, పాదుకలు విడిచి, వాటిని పక్కపక్కన సర్దిపెట్టి మధ్యకు నడిచింది. అందరూ ఆయుధాలు దించేశారు. ఆ పాదుకలు ఎలా తట్టాయండీ అని ఎన్ని ఫోన్లో! నేనూ ఉబ్బిపోయాను.

నాకేమీ తట్టలేదు. అది మా అక్క చేసిన పని.

పదేళ్ల కిందటి మాట. మా చిన్నాన్న కొడుకు మా పొలం పక్కనే రొయ్యల గుంటలు తవ్వించాడు. ఉప్పునీరు ఊరి మా పైరు సగం మాడిపోయింది. కోత మిషన్ వెళ్లాక కళ్లంలో పోసిన వడ్ల రాశి చూసి మా అన్న మండిపోయాడు. సరిగ్గా అప్పుడే ఆ చిన్నాన్న కొడుకు గట్టు మీద కనిపించాడు. మాటా మాటా పెరిగి ఇద్దరూ కర్రలు తీశారు. కూలీలంతా అన్నాలకు పోయి ఉన్నారు. నేను పక్కనే మోటారు షెడ్డులో ఉన్నాను. తలుపు దగ్గరికి వేసుకుని సందులోంచి చూశాను.

కేకలు విని అక్క ఇంటి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. వడ్లున్న చోట మా వాళ్లెవరూ చెప్పులతో అడుగు పెట్టరు. అంత తొందరలోనూ ఆమె కళ్లం అంచున ఆగి, చెప్పులు విడిచి, పక్కపక్కన సర్ది మధ్యలోకి వెళ్లింది. ఎవరూ ఆగలేదు. కర్ర ఆమె కుడి మోచేతి మీద పడ్డాకే ఆగారు. ఆ చేయి ఇప్పటికీ సరిగా లేవదు. ఆ సమయంలో గోతాల కోసం వెంకటాచలం బజారుకు వెళ్లానని నేను చెప్పాను. అందరూ నమ్మారు.

మొన్న ఆదివారం అక్క ఇంటికి వెళితే కాఫీ ఇచ్చి, పత్రిక ముందేసుకుని కూర్చుంది.

"అబ్బయా, చెప్పులు సర్దిపెట్టిన సంగతి నీకెట్టా తెలిసిందిరా? నేనెవరికీ చెప్పలా. వాళ్లిద్దరికీ ఒళ్లు తెలిస్తే గదా చూసేదానికి."

ఊహించి రాశానక్కా అనబోయాను. ఆమె ముఖం చూశాక ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంత నీచుణ్ణి రచయితనని ఎలా చెప్పుకుంటున్నానా అనిపించింది.

"షెడ్డులో ఉన్నానక్కా," అన్నాను.

అక్క పత్రిక మూసి పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

"నా తమ్ముడే ఆడుండుంటే ఈ చెయ్యి ఇట్టా అయ్యేది కాదని ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకుంటా ఉండానే," అంది.

అక్క లేచి, నా చేతిలోని ఖాళీ గ్లాసును ఎడమచేత్తో తీసుకుని లోపలికి వెళ్లింది.