పిల్లపెట్టెకు మా తాతయ్య చేసిన వైద్యం

మా తాతయ్య నలభై ఏళ్లు రేడియోలు బాగుచేశాడు. కొట్టు మూసేసి చాలాకాలమైనా వీధిలో ఆయన ఇప్పటికీ రేడియో తాతే. మరమ్మతుకు వచ్చిన ప్రతి రేడియోనూ ఆయన రోగి అనేవాడు. ఒక్కో రోగికి నోటు పుస్తకంలో ఒక్కో పేజీ ఉండేది. పైన జబ్బు, కింద చేసిన వైద్యం, అట్టడుగున 'లోపం ఎక్కడ' అని రాసి ఒక గీత. ఆ గీత మీద ఏదో ఒకటి రాసేదాకా ఆయనకు ముద్ద దిగదు. నేను పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పినప్పుడు నాకూ ఒక పేజీ కేటాయించాడు. నా గీత ఇంకా ఖాళీగానే ఉంది. ఆ సంగతి వదిలేయండి.

ఆ పుస్తకంలో ఇటీవలి రోగి మా ఇంటి వైఫై.

మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వీధివైపు ముందుగది, తర్వాత పడకగది, ఆపైన వంటగది, అన్నిటికన్నా చివర అమ్మమ్మ కుట్టుగది. ఇంటర్నెట్ తీగ వచ్చేది ముందుగదిలోకి. అక్కడున్నది పెద్దపెట్టె. దాని దగ్గర సిగ్నల్ అందుకుని వెనక గదులకు పంచడానికి ఒక చిన్నపెట్టె. ఇలా పెట్టెలు ఒకదానికొకటి అందించుకోవడాన్ని మెష్ అంటారట. తాతయ్య మాత్రం వాటికి తల్లిపెట్టె, పిల్లపెట్టె అని పేర్లు పెట్టాడు.

అమ్మమ్మ దర్జీ. ప్రతి శనివారం నాలుగింటికి ఫోను ఎదురుగా పెట్టుకుని పన్నెండు మందికి కటింగ్ నేర్పుతుంది. మొన్నొక శనివారం చొక్కా మెడ కత్తిరించడం చూపిస్తూ "ఇక్కడ ఆపండి" అనబోయేసరికి వీడియో బిగుసుకుపోయింది. ఇక్కడ అమ్మమ్మ ఆగింది. అవతలివాళ్లు ఆగలేదు. మళ్లీ బొమ్మ కదిలేసరికి ఒకామె గుడ్డను ఎత్తి పట్టుకుని బిక్కమొహంతో నిలబడి ఉంది. మెడ కాస్తా బొడ్డుదాకా దిగింది. ఆ చొక్కా వాళ్ల నాన్నకోసమట.

అమ్మమ్మ ఫోను బోర్లించింది. "వచ్చే శనివారం కూడా ఇలాగే అయితే క్లాసు మానేస్తాను. నన్ను నమ్మి కత్తెర పట్టినవాళ్ల గుడ్డ పాడుచేసిన పాపం నాకొద్దు" అంది. గొంతు మామూలుగానే ఉంది. అందుకే భయమేసింది.

"కంపెనీవాళ్లను పిలుద్దాం అమ్మమ్మా" అన్నాను.

తాతయ్యకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. "ఇంట్లో మెకానిక్కును పెట్టుకుని బయటివాణ్ణి పిలుస్తావుటే? శనివారంలోపు నేను బాగుచేసి చూపిస్తాను."

ఆదివారం వైద్యం మొదలైంది. పిల్లపెట్టె కుట్టుగదిలో మిషను పక్కనే ఉంది. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. స్పీడు చూస్తే మాత్రం నత్త నయం. తాతయ్య రెండు పెట్టెల్నీ ఆపాడు, వెలిగించాడు, మళ్లీ ఆపాడు.

"గీతలన్నీ ఉన్నాయి కదే. ఇంకేం రోగం దీనికి?"

"దాన్నే అడుగు తాతయ్యా."

"నోర్ముయ్."

సోమవారం ఆయన అనుమానం కుట్టుమిషను మోటారు మీదికి మళ్లింది. పూర్వం పక్కింట్లో మోటారు తిరిగితే రేడియో గరగరలాడేదట. అంతే, రెండు రోజులు మిషను ముట్టుకోవద్దని హుకుం జారీ అయింది. ఇవ్వాల్సిన పదిహేడు చొక్కాలు కుర్చీ మీద కుప్ప పడ్డాయి. అమ్మమ్మ గిన్నెలు కడిగే చప్పుడులోనే తన అభిప్రాయం చెప్పింది. మిషను ఆగినా స్పీడు పెరగలేదు. బుధవారం దోషిని నేను. నా ఫోను లాక్కుని పప్పుల డబ్బాలో పెట్టి మూత బిగించాడు. అయినా నత్త నత్తే.

గురువారం, అమ్మమ్మ బజారుకు వెళ్లడం చూసి, గొంతు తగ్గించి కంపెనీకి ఫోను చేశాడు.

"రెండో పెట్టె ఎక్కడ పెట్టారు సార్?" అని అటునుంచి ఒకమ్మాయి అడిగింది.

"ఎక్కడేమిటమ్మా? చివరి గదిలో, మనిషి కూర్చునే చోటే."

"దాన్ని ఇంటి మధ్యలోకి మార్చి చూడండి."

"మధ్యలో వంటగది ఉంది. వంటగదిలో కూర్చుని ఎవరు కుడతారమ్మా?" అని ఫోను పెట్టేశాడు. ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. ఒక నిమిషం చూశాడు. కొట్టేశాడు.

"ఒకసారి మార్చి చూస్తే పోయేదేముంది?" అన్నాను.

"దాహం ఒకచోట వేస్తే చెంబు ఇంకోచోట పెడతామా? లెక్కలు తప్పినదానివి, నువ్వు నాకు చెప్పొచ్చావా!" అన్నాడు. ఆ రాత్రి కంచంలో సగం వదిలేశాడు. శుక్రవారమంతా పిల్లపెట్టెను అటు తిప్పి, ఇటు తిప్పి, పీట మీద పెట్టి, దింపి, దానితో పాటు తానూ వాడిపోయాడు.

శనివారం నాలుగైంది. అమ్మమ్మ గుడ్డ పరిచింది. మళ్లీ మెడ కటింగే. పోయినవారం గుడ్డ పోగొట్టుకున్నామె కొత్త గుడ్డతో వచ్చింది. తాతయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

పది నిమిషాలు బాగానే నడిచింది. కత్తెర వంపు దగ్గరికి వచ్చేసరికి బొమ్మ బిగుసుకుంది.

"మేడమ్... ఆపా... మేడ..." అని ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది.

"ఆపండి! ఆపండమ్మా!" అని అమ్మమ్మ అరిచింది. లాభం లేదు. ఫోను చేతిలోకి తీసుకుని ముందుగదివైపు పరుగందుకుంది. అమ్మమ్మ పరిగెత్తడం నా జన్మలో అదే చూడటం. వంటగది గుమ్మం దాటీ దాటకముందే బొమ్మ చటుక్కున కదిలింది.

"ఆపండీ!"

పన్నెండు కత్తెరలు ఆగాయి. పోయినవారపు ఆమె కత్తెర హద్దు దాటడానికి ఇంకొక్క అంగుళమే ఉంది.

అమ్మమ్మ అక్కడే, వంటగది గట్టు మీద గుడ్డ పరిచి పాఠం కొనసాగించింది. తాతయ్య మాత్రం ఆ గుమ్మాన్ని, చివరి గదిని మార్చి మార్చి చూశాడు. తర్వాత నెమ్మదిగా నుదురు కొట్టుకున్నాడు.

"ఆ గీతలు ఫోనుకూ పిల్లకూ మధ్యవే. పిల్లకూ తల్లికీ మధ్య ఏముందో నేను చూడనే లేదు. తల్లి గొంతు ఇక్కడిదాకా నిక్షేపంగా వస్తోంది. అన్ని గోడల అవతల దాక్కున్న పిల్లకు సగమే వినిపిస్తోంది. దానికి వినపడని మాట అది మనకేం చెబుతుంది?"

పిల్లపెట్టెను ఊడదీసి తెచ్చి వంటగది అలమర మీద పెట్టాడు. దీపం నిలకడగా వెలిగాక అమ్మమ్మను కుట్టుగదికి పంపాడు. ఫోనులో రెండు గీతలు తగ్గాయి. వీడియో మాత్రం క్లాసు ముగిసేదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

క్లాసు అయ్యాక అమ్మమ్మ నడుం మీద చేయి వేసుకుని వచ్చింది. "ఈ మాట గురువారమే ఎవరో అమ్మాయి చెప్పిందటగా?"

తాతయ్య నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. కడుపులో మాట దాచుకోవడం నాకు చేతకాదు, ఏం చేయను?

"మరి నా మిషను రెండు రోజులు ఎందుకు ఆపించినట్టు?"

ఆయన పుస్తకం తెరిచి 'లోపం ఎక్కడ' గీత మీద ఏదో రాసి, మూసి, దాని మీద మోచేయి ఆనించాడు. అమ్మమ్మ ఆ మోచేయి ఎత్తి చూసింది. 'మెకానిక్' అని ఉంది.

అమ్మమ్మ మెత్తబడుతుందనుకున్నాను. అలాంటిదేమీ లేదు. గుండీలు మిగిలిన ఆ పదిహేడు చొక్కాలూ, గుండీల డబ్బా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"వచ్చే శనివారం క్లాసు ఉంటుంది. మీరు ఆపిన పని మీరే కానివ్వండి."

తాతయ్య రేడియోలకు వాడే కళ్లద్దాలు పెట్టుకుని సూదిని వెలుతురుకు ఎత్తాడు. అరగంటకు మొదటి గుండీ అయినా పడలేదు.

"దారం ఎక్కి చావదేమే!"

"గీతలన్నీ ఉన్నాయా తాతయ్యా?" అన్నాను.

గుండీల డబ్బా మూత నా చెవి పక్కనుంచి వెళ్లింది.