పెద్దమ్మ అనని మాట

నా చిన్నప్పుడు మంఖాల్‌లో మా అమ్మకూ మా పెద్దమ్మకూ మాటల్లేవు. వాకిలి ఒకటే, పొయ్యిలు రెండు. వాళ్ల బర్రె మా కందిచేను మేసిన నాడు మొదలైన తగువు ఏడాదైనా తెగలేదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసేది నేనే. ఉన్నదున్నట్టు చెబితే అమ్మ బియ్యం ఏరుతూ తలైనా ఎత్తేది కాదు. కాస్త కారం కలిపితే చాట పక్కన పెట్టి మరీ వినేది. ఆ రుచికి నేను బాగా అలవాటు పడ్డాను.

అప్పుడు తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో డైరెక్టు, ఇన్‌డైరెక్టు స్పీచ్ నాకు ఎంతకీ కొరుకుడు పడలేదు. ఎలాగైనా నేర్చుకోవాలని పట్టుబట్టి, పట్నంలో డిగ్రీ చదివే పక్కింటి అక్క దగ్గర కూర్చున్నాను. ఇంట్లో ఎవరేమన్నా అన్నది అన్నట్టు తెలుగులో రాసుకుని, కింద ఇంగ్లీషులో మార్చి రాయమంది అక్క. వారం రోజులు కసిగా రాశాను.

ఇంతలో పెద్దమ్మ కూతురికి పెళ్లి కుదిరింది. పెద్దమ్మ పిలిచి ఒక మాట పంపింది. అది నోటుబుక్కులో రాసుకుని, వెళ్లి అమ్మకు చెప్పాను. ఆ పెళ్లి గడప తొక్కనని అమ్మ కేకలేసి ఒట్టు పెట్టుకుంది.

సాయంత్రం అక్క నోటుబుక్కు తెరిచింది. అమ్మ కేకలు ఆమె కూడా విన్నట్టుంది. 'రేపు పసుపు దంచుతం, మీ అమ్మను రమ్మను.' పుస్తకంలో అంతే ఉంది. మరి అమ్మకు ఏమని చెప్పావంది. వస్తే రమ్మను, రాకుంటే పనేం ఆగదని చెప్పానన్నాను.

"మనిషి మారుతది, దినం మారుతది, మాట మారొద్దు," అంది అక్క. "రాసినకాడ మార్చలే. చెప్పినకాడ ఎందుకు మార్చినవే?"

పేజీలు వెనక్కి తిప్పాను. వారమంతటిలో అమ్మా పెద్దమ్మా ఒకరికొకరు పంపిన మాటల్లో ఒక్కటీ కటువుగా లేదు. కటువంతా నాదే. సిగ్గుతో ఏడుపొచ్చింది. దెబ్బలు తప్పవని తెలిసినా అప్పుడే వెళ్లి, ఇద్దరినీ వాకిట్లోకి పిలిచి మొత్తం చదివాను. నేను కలిపినవీ చెప్పాను.

అమ్మ ఒక చెంప మీద వేసింది. పెద్దమ్మ ఆపుతుందనుకున్నాను. ఆమె రెండో చెంప మీద వేసింది. ఏడాదిలో వాళ్లిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే. మర్నాడు పసుపు దంచేటప్పుడు అమ్మ కూడా ఒక రోకలి పట్టింది.

ఇప్పుడు శంషాబాద్‌లో ఉంటున్నాను. మీ కోడలు ఇట్లా అందని ఎవరైనా వచ్చి చెబితే, పైన విమానం మోత తగ్గేదాకా ఆగి, "ఆమె అన్నదా, నువ్వు కలిపినవా?" అని అడుగుతాను. ఒకరి మాట నేను చెప్పాల్సి వచ్చి, కాస్త కారం కలపాలని నోరూరినప్పుడల్లా మాత్రం, రెండు చెంపలూ ఇప్పటికీ చురుక్కుమంటాయి.