బాపు డబ్బాలో జొన్నరొట్టె

తెలంగాణ ఇంకా రాని ఆ రోజుల్లో, గోదావరిఖనిలోని మా క్వార్టర్‌లో ఎవరూ ఎవరినీ పూర్తిగా నమ్మేవారు కాదు. ప్రేమ లేక కాదు, బాపుకు షుగర్ వచ్చినందుకు. బాపు డాక్టర్‌ను అనుమానించేవాడు, అమ్మ బాపును అనుమానించేది, నేను ఇద్దరినీ కనిపెట్టుకొని ఉండేదాన్ని. డిగ్రీ పూర్తిచేసి ప్రైవేటు బడిలో సైన్సు చెప్పడానికి కొత్తగా చేరాను కాబట్టి నన్ను మాత్రం ఎవరూ అనుమానించరని నా నమ్మకం. (ఆ వయసులో అలాంటి నమ్మకాలుంటాయి.)

దవాఖానలో డాక్టర్ తేల్చి చెప్పాడు. మాత్రలు వేసుకుంటూనే తెల్లన్నం తగ్గించాలి, పీచు ఉన్న తిండి పెంచాలి, వచ్చే పరీక్షకు షుగర్ దిగకపోతే ఇంజెక్షన్లు మొదలు. బొగ్గుబాయిలో తలమీద పెళ్లలు రాలుతున్నా బెదరని మనిషి, సూది మాట వినగానే తెల్లబోయాడు. నేను జొన్నరొట్టె, పొట్టు పెసరపప్పు, తోటకూర, పచ్చి ఉల్లిగడ్డ అన్నీ ఒకే రోజు మొదలుపెట్టి, పాఠం కూడా చెప్పాను. పీచు మనకు అరగదు, తిన్నదాంట్లోని చక్కెర రక్తంలోకి మెల్లగా చేరేలా చేస్తుంది, కొంత పీచు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది, అవి మనకు మేలు చేస్తాయి అని. బాపు రొట్టె తుంచడం ఆపాడు.

"అంటే నా కడుపుల పురుగులున్నయా?"

"పురుగులు కాదు బాపూ, అవి కంటికి కనవడవు."

"కనవడని దాన్ని నువ్వెట్ల చూసినవ్? నాకు అరగనిది నాకెందుకు? వాటికి నేను బువ్వ పెట్టుడేంది?"

రెండు రోజులు కడుపు ఉబ్బి ఇల్లంతా తిరిగాడు. "లోపట అవి కొట్లాడుకుంటున్నయ్," అన్నాడు. తర్వాత నోరెత్తలేదు. డ్యూటీకి డబ్బా నిండుగా తీసుకెళ్లి ఖాళీగా తెచ్చేవాడు. అమ్మకు అక్కడే అనుమానం వచ్చింది. "గింత సప్పుడు లేకుంట తినే మనిషి కాదు గాయన," అంది. డాక్టర్ చెప్పిన పరీక్షకు ముందే ఒకసారి బయట మిషన్ మీద చూపిస్తే షుగర్ ఇంకొంచెం పెరిగింది. నేను మిషన్‌ను అనుమానించాను. అమ్మ ఆయన అంగీ జేబులు వాసన చూసింది, మిఠాయి దొరుకుతుందేమోనని.

ఆదివారం నాడు బాపు షిఫ్టులోనే పనిచేసే, మేం కాక (చిన్నాన్న) అని పిలిచే ఆయన వచ్చాడు. (ఎవరూ అడగకపోయినా తన మలబద్ధకం గురించి చెప్పే మనిషి.) గడపలోనే అమ్మకు దండం పెట్టాడు.

"వదినె, నీ చేతి రొట్టె తినవట్టి నాకు పొద్దుగాల కష్టం తప్పింది. ఎన్నేండ్ల బాధనో."

అమ్మ బాపు వైపు తిరిగింది. "నీ రొట్టె ఈయన కడుపులకెట్ల పోయింది?"

"బాయిల అందరం కలిపి తింటం. కాక చెయ్యి పెడితె వద్దంటనా?" అన్నాడు బాపు, గోడకు చెప్పినట్టు.

అది నిజమే. భూమి లోపల టిఫిన్ వేళ అందరూ గుండ్రంగా కూర్చొని మూతలు తీశాక, ఎవరి డబ్బా వారిది కాదు. వద్దనడం మర్యాద కాదు. ఆ మర్యాద చాటున బాపు రోజూ కాక డబ్బాలోని తెల్లన్నం, ఆలుగడ్డ కూర తిన్నాడు.

అమ్మ కొట్లాడలేదు. ఆ సాయంత్రమే కాక భార్య దగ్గరికి వెళ్లింది. మరునాటి నుంచి రెండు డబ్బాల్లోనూ జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. ఈసారి కొంచెం కొంచెంగా పెంచుతూ, నీళ్ల సీసా పెద్దది పెడుతూ. మాట మిగతా క్వార్టర్లకూ పాకింది. కొన్నాళ్లకు బాయిలో ఏ మూత తీసినా జొన్నలే. "ఆడోళ్లందరు ఒక్కటైండ్రు," అన్నాడు బాపు, సమ్మె ఓడిపోయినంత బాధగా.

పరీక్షలో షుగర్ దిగింది. డాక్టర్ సూది అక్కర్లేదన్నాడు. బయటికొచ్చాక బాపు కాగితం నా చేతికిచ్చి, "పేరు మంచిగ చూడు బిడ్డా, నాదేనా?" అన్నాడు. చదివాను. ఇంటిపేరు కూడా చదవమన్నాడు. అప్పటికీ రొట్టెను ఒప్పుకోలేదు. "మాత్రల పనై ఉంటది," అన్నాడు.

ఆ రోజు నా సైన్సే గెలిచిందని తెగ మురిసిపోయాను. బాపు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నాకూ షుగర్. కాగితం చేతికి రాగానే అంకె కంటే ముందు పేరు చూసుకుంటాను. ఇంటిపేరు పైకే చదువుతాను. పక్క కుర్చీలోని వాళ్లు నావైపు అనుమానంగా చూస్తారు.