సీసాల మీద పత్తికాయలు

ఆ రోజుల్లోనే రాసి ఉంటే ఈ సంగతి ఇంకా వేడిగా ఉండేది. కానీ అప్పుడు నాకు ఒక్క అక్షరం రాదు. మా ఇంట్లో తెలుగు మాట్లాడటానికే గాని రాయడానికి కాదు. బడిలో తమిళం నేర్పే వయసులో నేను పత్తిచేలో ఉన్నాను. అరవై దాటాక మనవరాలు ఫోనులో చూసి తాను తెలుగు రాయడం నేర్చుకుంటూ నాకూ నేర్పింది. (నాకంటే తనే ఎక్కువ తప్పులు రాస్తుంది, ఆమెతో చెప్పకండి.)

పద్దెనిమిదేళ్లప్పుడు కోవిల్‌పట్టిలో ఒక కాలేజీ ల్యాబులో సీసాలు కడిగే పనికి కుదిరాను. విరుదునగర్ నుంచి బస్సులో వచ్చే మా టీచరమ్మ, తూత్తుకుడి ఉప్పుమళ్లలో చచ్చిపడిన సముద్రపు కాకుల పేగుల్లోంచి బద్దెపురుగులు తీసి, వాటిలో గుడ్లు ఎలా తయారవుతాయో చూసేది. మూరెడు పురుగును తల నుంచి తోక దాకా పన్నెండు ముక్కలు చేసి, పన్నెండు సీసాల్లో స్పిరిట్ పోసి దాచి, నంబరు చీటీలు అంటించింది. నేను ఆ చీటీలన్నీ తడిపి గీకేశాను. మా ఇంట్లో కొత్త సీసా వస్తే చీటీ పీకి తోమితే గాని అమ్మ వంటింట్లోకి రానిచ్చేది కాదు మరి.

టీచరమ్మ స్టూలు మీద కూలబడింది. మర్నాడు వాటిని పెద్దసారుకు చూపాలట. “ఇంకో పురుగు కావాలంటే ఇంకో కాకి చావాల కదే పాపా” అంది. నా పని ఊడినట్టేననుకుని, నేనే సర్దిపెడతానన్నాను. “చదువు రాదే, ఎట్ల సర్దుతువు?” అంటే, “కాయ ఏదో పువ్వు ఏదో చూసేదానికి చదువు ఏంటికి టీచరమ్మా?” అనేశాను.

భూతద్దంలో చూస్తే కొన్ని ముక్కలు ఖాళీ, కొన్నింట్లో చుక్కలు, కొన్ని గుడ్లతో పగలబోతున్నాయి. గుడ్లవి కాయలు, చుక్కలవి పువ్వులు, ఖాళీవి మొగ్గలు అనుకుని, పత్తిచెట్టుకు అడుగు నుంచి కొస దాకా ఉన్నట్టే మొదట కాయలు, తరువాత పువ్వులు, కొసన మొగ్గలు పెట్టాను. కొక్కేలున్న తలను చెట్టు వేరు అనుకుని కాయల పక్కన పెట్టాను.

టీచరమ్మ తన నోటుబుక్కులోని బొమ్మలతో పోల్చుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. పురుగుకు మెడ దగ్గర కొత్త ముక్క పుడుతుందట, పాతవి వెనక్కి జరుగుతాయట. ఒక్కో ముక్కలో మగా ఆడా రెండూ ఉంటాయట. ముందు మగది, తరువాత ఆడది ముదిరి, చివరికి గుడ్ల సంచే మిగులుతుందట. (మొగుడూ పెళ్లామూ ఒకే ఒంట్లో ఉండి కొట్లాడుకోరా అని అడిగాను.) ఆమె తల ఉన్న సీసా ఒక్కటి తీసి అటు చివర పెట్టింది. “పదకొండు సరిగ్గానే పెడితివి. రేపు పెందలకడ రా” అంది.

ఇప్పుడైతే పన్నెండు చీటీలూ అక్షరాల్లోనే రాయగలను. ఆ మర్నాడు మాత్రం అందరికంటే ముందు వచ్చి, కొత్త చీటీల మీద పెన్సిలుతో మొగ్గలు, పువ్వులు, పత్తికాయలు గీసి అంటించాను. తల సీసాకు ఏం గీయాలో తోచక, రెండు జడలతో నా తలే గీశాను.